ఓటీపీ రాలేదన్నాను

మొన్న డిసెంబరులో మా అమ్మాయికి ఒక అబద్ధం చెప్పాను. రెండే రెండు మాటలు. "ఓటీపీ రాలే."

అది ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. సొంత ఫోను ఇంకా ఇవ్వలేదు కాబట్టి ఏ ఫారం నింపినా నా నంబరే ఇస్తుంది. ఆ రోజు రాత్రి వాళ్ల నాన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎన్డీఏ పరీక్షకు దరఖాస్తు నింపుతోంది. నేను వంటింట్లో సర్వపిండి గిన్నెకు అద్దుతున్నాను. గట్టు మీద ఫోను మోగింది. చూస్తే ఆరంకెలు.

"అమ్మా, ఓటీపీ వచ్చిందా?"

"రాలే బిడ్డా."

మళ్లీ పంపించింది. మళ్లీ వచ్చింది. మళ్లీ రాలేదన్నాను. మూడోసారి కూడా అంతే. "సైటు సక్కగ లేనట్టున్నది, రేపు జూస్త" అని దానికదే ల్యాప్‌టాప్ మూసి పడుకుంది. మా ఆయన టీవీ ముందు నుంచి లేవనే లేదు. ఆయనకు ఏం తెలియదు.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. పిల్లల ముందు అబద్ధం చెప్పొద్దని రోజూ నీతులు చెప్పే మనిషిని. ఇంత సులువుగా నోట్లోంచి ఎట్లా వచ్చిందా అని అటూ ఇటూ పొర్లాను. కానీ దాని మొదలు ఎక్కడుందో నాకు తెలుసు. పదేళ్ల కిందటి ఒక వార్త దగ్గరుంది.

2015 మార్చి. ఆ ఏడు ఉగాది 21న వచ్చింది. పచ్చడి, భక్ష్యాలు, చుట్టాలు, అన్నీ అయ్యి ఇల్లు సర్దుకుంటున్నాను. 24న మంగళవారం ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల మీద జర్మన్‌వింగ్స్ విమానం కూలి 150 మంది పోయారు. ఏ చానెల్ పెట్టినా అదే. ఆ రాత్రే పది గంటల ప్రాంతంలో, గోవాకు నైరుతి దిక్కున సముద్రం మీద మన నేవీ డోర్నియర్ విమానం ఒకటి కూలిపోయింది. రాత్రిపూట శిక్షణ కోసం ఎగిరిన విమానం, అందులో ముగ్గురు. నూటాయాభై మంది పోయిన రోజున ముగ్గురి కబురు ఎక్కడుంటుంది చెప్పండి? టీవీలో అడుగున పాకే అక్షరాల్లో ఉంది.

ముగ్గురిలో కమాండర్ నిఖిల్ జోషీని చేపల పడవ వాళ్లు కాపాడారు. లెఫ్టినెంట్ అభినవ్ నాగోరీ, లెఫ్టినెంట్ కిరణ్ షెకావత్ కనిపించలేదు. ఆ రెండో పేరు ఆడపిల్లది అని పేపర్లో ఫోటో చూశాకనే నాకు తెలిసింది. ఇరవై ఆరేళ్లు. మే ఒకటి వస్తే ఇరవై ఏడు నిండేవి. పెళ్లయింది, భర్త కూడా నేవీలోనే ఆఫీసరు. విధి నిర్వహణలో ప్రాణం పోయిన మొదటి నేవీ మహిళా ఆఫీసరు అని రాశారు.

26వ తారీకు గురువారం నాకింకా బాగా గుర్తు. ప్రపంచ కప్పు సెమీఫైనల్, సిడ్నీలో ఆస్ట్రేలియాతో. మా ఆయన, మా మరిది, పక్కింటివాళ్లు అంతా మా హాల్లోనే. కోహ్లీ ఒక్క పరుగుకే అవుటయ్యాడని ఒకటే బాధ. ధోనీ రనౌటయ్యాక ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఆ రోజే సముద్రం అడుగున విమానం శకలాల్లో ఆ అమ్మాయి దేహం దొరికింది. నాగోరీది ఆ తర్వాత. అందరూ వెళ్లిపోయాక, గిన్నెలు తోముకుని వచ్చి వార్తలు పెడితే ఈ సంగతి చెప్తున్నారు. నేను నిలబడే చూస్తున్నాను, నా కొంగు పట్టుకుని మా చిన్నది. అప్పుడు దానికి ఏడేళ్లు.

"ఆ అక్కకు ఈత రాదా అమ్మా?"

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "ఈత వచ్చినా ఏం లాభం బిడ్డా. ఆడపిల్లకు అసుంటి నౌకరెందుకు?" అన్నాను. అని టీవీ బంద్ చేశాను. రెండు రోజులకు శ్రీరామనవమి. పానకం కలుపుతూ, వడపప్పు నానబెడుతూ ఆ వార్త మరిచిపోయాననే అనుకున్నాను.

మరుసటి ఏడు, 2016 జూలై 22న, ఇంకొకటి. చెన్నై పక్కన తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరిన వైమానిక దళం ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. 29 మంది. అందులో ఎనిమిది మంది మన విశాఖపట్నంలోని నేవల్ ఆర్మమెంట్ డిపోలో పనిచేసే సివిలియన్ ఉద్యోగులు. పని మీద అండమాన్ పోతున్నవాళ్లు. ఓడలు వెతికాయి, విమానాలు వెతికాయి. ఒక్క ముక్క దొరకలేదు. సెప్టెంబరులో, ఇక చనిపోయినట్టే అనుకోవాలని కుటుంబాలకు తెలియజేశారు.

ఆడవాళ్లం కాబట్టి నాకు వెంటనే వచ్చిన ఆలోచన ఒకటే. ఆ ఇళ్లలో బొట్టు సంగతేంది? మనిషి కనపడకపోతే కర్మ ఏ రోజున చేయాలి? తద్దినం ఏ తిథికి పెట్టాలి? తలుపు చప్పుడైతే లేచి చూడాలా వద్దా? కాగితం మీద పోయినట్టే అంటారు, మనసు ఒప్పుకోదు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరాన, 3400 మీటర్ల లోతులో శకలాలు కనిపించాయని చెప్పారు. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు మనిషి లేకుండా నీళ్లలో తిరిగే యంత్రాన్ని పంపి ఫోటోలు తీయించారు. ఆ రోజు పేపరు చదివి చాలాసేపు కూర్చున్నాను. మూడు కిలోమీటర్లకు పైన లోతు. మా కరీంనగర్‌లో మానేరు డ్యామ్ నిండితేనే కట్ట మీద నిలబడి సముద్రంలా ఉందని ఫోటోలు దిగుతాం మేము.

సముద్రం నేను మొదటిసారి చూసింది 2018 ఎండాకాలంలో. పిల్లకు సెలవులని విశాఖ పోయాం. ఆటోవాడు "ఎన్‌ఏడీ మీదుగా పోదామా" అన్నాడు. ఎన్‌ఏడీ అంటే ఏంటని అడిగితే, అదే ఆర్మమెంట్ డిపో, ఆ పేరే జంక్షన్‌కు వచ్చిందన్నాడు. ఆ ఎనిమిది ఇళ్లు ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉంటాయి కదా అనుకుని కిటికీల వైపు చూస్తూ కూర్చున్నాను. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూశాం. ఎదురుగా అప్పటికి కొత్తగా తెరిచిన టీయూ-142 విమానం మ్యూజియం. అది కూడా నేవీదే, సముద్రం మీద కాపలా తిరిగిన విమానం. మా చిన్నది అందులోంచి దిగనంటుంది. బోర్డు చదివి పరుగెత్తుకొచ్చి, "అమ్మా, ఇది ఇరవై తొమ్మిదేండ్లు ఎగిరిందట, ఒక్కసారి గూడ యాక్సిడెంట్ కాలేదట" అని నాకే చెప్పింది. ప్రత్యేకంగా నాకే ఎందుకు చెప్పిందో అప్పుడు పట్టించుకోలేదు.

తర్వాత అది ఈత నేర్చుకుంది. లెక్కలు పట్టుకుంది. 2021లో సుప్రీంకోర్టు ఆడపిల్లలను కూడా ఎన్డీఏ పరీక్ష రాయనివ్వాలన్న రోజున పేపరు కత్తిరించి దాచుకుంది. 2025 మే 30న మొదటి బ్యాచ్ ఆడపిల్లలు పదిహేడు మంది అక్కడి నుంచి చదువు పూర్తి చేసుకుని బయటికి వచ్చారు. ఆ వీడియో మా ఇంట్లో ఎన్నిసార్లు నడిచిందో లెక్కలేదు. నేను మాత్రం, పిల్లల సరదాలు మారుతుంటాయిలే అని ఊరుకున్నాను. ఫారం నింపే దాకా వస్తుందని అనుకోలేదు.

నోటిఫికేషన్ ప్రింటు తీసి బల్ల మీద పెడితే నేను చదివాను. అందులో ఒక చోట తల్లిదండ్రులు ఇవ్వాల్సిన ధ్రువపత్రం గురించి ఉంది. ఎంపికయ్యి చేరాక సంతకం పెట్టాలి. శిక్షణలో పిల్లకు దెబ్బ తగిలినా, ఆ దెబ్బకు చేసే ఆపరేషన్‌లో ప్రాణమే పోయినా, సర్కారును నష్టపరిహారం అడగబోమని మనకు తెలుసని రాసివ్వాలి. బీఏ తెలుగు చదివిన నాకు ఆ ఇంగ్లీషు వాక్యం ఒక్కసారికే అర్థమైంది. ఆ రాత్రే ఓటీపీ వచ్చింది.

అబద్ధం చెప్పిన రెండో రోజుకు మా అవ్వ మందమర్రి నుంచి వచ్చింది. చలికాలం మోకాళ్ల నొప్పులు ఎక్కువైతే మా దగ్గరికి వస్తుంది. మధ్యాహ్నం ఎండకు డాబా మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అవ్వతో అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. అవ్వ కాసేపు ఏం మాట్లాడలేదు.

మా బాపు సింగరేణి కార్మికుడు. బదిలీ ఫిల్లర్‌గా చేరి, తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపాడు. మా వైపు గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. "బాపు బాయికి పోయిండు" అని చెప్పుకుంటూ పెరిగాం. సైరన్ కూతతో లేవడం, సైరన్ కూతతో అన్నం వండడం. షిఫ్టు దిగే వేళ దాటి పావుగంటైతే అవ్వ వాకిట్లోకి వచ్చి నిలబడేది. పనేం లేకపోయినా చీపురు పట్టుకుని ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది.

2003 జూన్ 16న గోదావరిఖనిలో జీడీకే 7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు ముంచుకొచ్చి పదిహేడు మంది కార్మికులు చనిపోయారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు. మాది గోదావరికి ఇవతల, వేరే బాయి. అయినా ఆ రోజు మా కాలనీలో ఆడవాళ్లంతా బయటే ఉన్నారు. బాపు ఎప్పటి వేళకే ఇంటికొచ్చాడు. అవ్వ నీళ్లు తోడింది. నేను ఏడుస్తూ "రేపు పోకు బాపు" అంటే, "పోకుంటే ఎట్ల బిడ్డా" అని తలమీద చెయ్యి పెట్టాడు. నాకు తెలిసింది అంతవరకే. మిగిలింది ఇరవై రెండేళ్ల తర్వాత, చిక్కుడుకాయల ముందు కూర్చుని, అవ్వ చెప్పింది.

"ఆ తెల్లారి మీ బాపు బూట్లు నేను దాచిన" అన్నది.

"ఏందవ్వా?"

"బియ్యం గుమ్మి ఎనుక దాచిన. బూట్లు లేకుంటే దిగనియ్యరు గదా. ఇల్లంత ఎతికిండు. సైరన్ కూసింది. మస్టర్ పోయింది. నా దిక్కు ఒక్కసారి జూసిండు, ఏమనలే. ఆయనకు ఎరుకైంది. పొద్దుందాక గద్దె మీద గట్లనే కూసున్నడు. తిననులే. మాట్లాడలే. మనిషైతే ఇంట్లనే ఉన్నడు గని ఇంట్ల లేడు బిడ్డా. జోడీగాళ్లు బాయిల ఉన్నరు, నేనిక్కడ కూసున్న అని ఆయన పానం కొట్టుకున్నది. తెల్లారి నేనే తీసి ముందట పెట్టిన."

"నీకు భయం గాలేదా మరి?"

"ఎందుకు గాదు? రిటైరయ్యేదాక అయింది. భయమైతదని బూట్లు దాస్తమా? ఒక్క దినం దాచినా గా మొకం ఇప్పటికి మర్వలే నేను."

అంతే అన్నది. నువ్వు చేసింది తప్పని గానీ, పిల్లను పంపించమని గానీ అనలేదు. చిక్కుళ్లు గిన్నెలో వేసుకుని మెల్లగా మెట్లు దిగి పోయింది.

సాయంత్రం కాలేజీ బస్సు దిగి వచ్చిన పిల్లకు చాయ్ ఇచ్చి పక్కన కూర్చున్నాను. "మొన్న ఓటీపీ వచ్చింది. మూడుసార్లు వచ్చింది. నేనే చెప్పలే" అన్నాను.

అది చాయ్ ఊదుకుంటూ, "నాకెరుకే" అన్నది. "తెల్లారి క్లాసు గ్రూపు చూస్తుంటే నీ ఫోన్ల మెసేజులు కనవడ్డయ్. నువ్వే చెప్తవని ఆగిన."

మూడు రోజులుగా దానికి తెలుసు. తెలిసి కూడా పొద్దున డబ్బా కట్టించుకుని, "పోయొస్త అమ్మా" అని నవ్వుతూ పోయింది. నాకు మాట రాలేదు. కాసేపాగి అదే అన్నది.

"ఆ గోవా అక్క గురించేనా?"

"నీకింకా యాదున్నదా?"

"నువ్వే గదనే చెప్పింది. ఆ అక్క ఎట్ల చచ్చిపోయిందో చెప్పినవ్. ఏం పని జేసేదో మాత్రం చెప్పలే."

నాకు తెలిస్తే కదా చెప్పడానికి! ఆ సాయంత్రం మా అమ్మాయి నాకు చెప్పింది. కిరణ్ వాళ్ల సొంతూరు రాజస్థాన్‌లో ఉన్నా, తండ్రి నేవీలో పనిచేయడం వల్ల విశాఖలో పెరిగింది. అక్కడి కేంద్రీయ విద్యాలయంలోనే చదివింది. ఆంధ్రా యూనివర్సిటీలో డిగ్రీ చేసింది. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం కూడా చేసింది. మనమైతే, బ్యాంకు ఉద్యోగం వచ్చింది, ఇక సంబంధాలు చూద్దాం అంటాం. ఆమె 2010 జూలైలో కేరళలోని ఎళిమల నేవీ అకాడమీలో చేరింది. విమానంలో ఆమె పని అబ్జర్వర్. నడిపే పైలట్లు ముందు కూర్చుంటారు. అబ్జర్వర్ రాడార్ చూస్తుంది, కింద సముద్రం మీద ఏ ఓడ ఏ దిక్కుకు పోతోందో కనిపెడుతుంది, విమానం ఎటు పోవాలో లెక్క కడుతుంది. నేవీలో ఆడవాళ్లు మొదటగా ఆ పనిలోకి వచ్చింది 2009లో, ఇద్దరే. అప్పటికి ఆడవాళ్లకు విమానం నడిపే అవకాశం నేవీ ఇవ్వలేదు. మొదటి మహిళా పైలట్, శివాంగి, 2019 డిసెంబరులో వచ్చింది. 2015 జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామా ముందు నేవీ ఆడవాళ్ల దళం మొదటిసారి నడిచింది చూడండి, అందులో కిరణ్ కూడా ఉంది. ఆ పరేడ్ మేం చూశాం. చప్పట్లు కొట్టాం. రెండు నెలల తర్వాత అదే అమ్మాయిని చూసి, అసుంటి నౌకరెందుకు అన్నాను.

"ఎనిమిది నెలలు పడవ మీద ప్రపంచం చుట్టొచ్చినోళ్లు గూడ ఉన్నరమ్మా" అన్నది. తారిణి పడవలో 2017 సెప్టెంబరులో పోయి 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు నేవీ ఆడవాళ్ల సంగతి. వాళ్లలో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి ఇద్దరూ మన తెలుగువాళ్లే. నాకు ఆ పేర్లు అప్పుడే తెలిశాయి. ఎందుకో ఆలోచిస్తే, పోయినవాళ్ల వార్తలు నేను ఆగి చదువుతాను, తిరిగొచ్చినవాళ్ల వార్తలు పేజీ తిప్పేస్తాను. మా అమ్మాయి రెండూ చదివింది. ఏఎన్-32 సంగతి కూడా దానికి నాకంటే బాగా తెలుసు. ఎంత లోతో, ఎన్నేళ్లకు దొరికిందో, అన్నీ. భయపడనోళ్లే పోతారనుకున్నాను గానీ, "నాకు గూడ భయమే అమ్మా, నీళ్లంటే మస్తు భయముండె. అందుకే ఈత నేర్చుకున్న" అన్నది.

ఆ రాత్రి మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచింది. ఈసారి నేను పక్కనే కూర్చున్నాను, కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను చేతిలో పట్టుకుని. అవ్వ మంచం మీద నుంచి చూస్తోంది. ఫోను మోగింది. ఒక్కో అంకె చదివాను. తొందరలో ఒకటి తప్పు చదివాను కూడా. "మల్ల అబద్ధం చెప్తున్నవా?" అని నవ్వింది. సరిచేసి చదివాను. ఫారం ముందుకు పోయింది.

పరీక్ష రాయాలి. అది గట్టెక్కితే ఇంటర్వ్యూ, మెడికల్ ఉన్నాయి. లక్షల మంది రాస్తారట, మా పిల్లకు వస్తుందో రాదో ఎవరికి తెలుసు? వస్తే ఆ ధ్రువపత్రం నా ముందుకు వస్తుంది. ఆ రోజు చెయ్యి వణకదని నేను చెప్పలేను. మా ఆయన అయితే, "నువ్వు పెట్టకుంటే నేను పెడ్త తియ్" అంటున్నాడు, ఆయనకు ఇప్పటికైనా టీవీ మీద నుంచి దృష్టి మళ్లింది. కానీ పెడితే నేనే పెడతాను. దాని గురించి అబద్ధం చెప్పింది నేను కాబట్టి.

నిన్న పొద్దున కాలేజీకి పోతూ ఎప్పటిలాగే గడపలో నిలబడి "పోయొస్త అమ్మా" అన్నది. మన దగ్గర ఎవరినీ "పో" అనం కదా. సైరన్ కూసినప్పుడల్లా అవ్వ బాపును అన్న మాట, ఏటేటా బతుకమ్మను నీళ్లలో వదిలేటప్పుడు మనమంతా అనుకునే మాట, నేనూ అన్నాను.

"పోయి రా బిడ్డా."